ఆటస్థలంలో ఆపద వస్తే ఎవరు ఏం చేయాలి?

చెల్లెళ్లారా, వార్షికోత్సవం దగ్గరపడిందంటే మన హాస్టల్లో ఎంత హడావిడిగా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. షామియానా, మైకు సెట్టు, సున్నంతో గీసే గీతలు, బహుమతుల స్టీలు గిన్నెలు, ముఖ్య అతిథికి శాలువా, ఇలా ప్రతిదానికీ ఒకరు బాధ్యులుగా ఉంటారు. ఎవరు ఏ పని చూసుకోవాలో కాగితం మీద రాసి నోటీసు బోర్డుకు అంటిస్తారు. ఆ కాగితంలో ఒక పని మాత్రం ఎప్పుడూ కనిపించదు. పరుగు పందెంలో ఒక అమ్మాయి కుప్పకూలితే ఆమె దగ్గర ఎవరుండాలి, 108కి ఎవరు ఫోన్ చేయాలి, గేటు తాళం ఎవరు తీయాలి అన్నది. అడిగితే "డెట్టాలు, దూది తెప్పించాం కదా" అంటారు. మోకాలు గీరుకుపోతే డెట్టాలు చాలు. నేను రాయబోయేది అంతకంటే పెద్ద ఆపద గురించి.

నేను ప్రస్తుతం వ్యాయామ విద్యలో పీజీ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినదాన్ని నేనే మొదటిదాన్ని. "ఆటలకు కూడా అంత చదువు కావాలా?" అని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. ఆటల చదువులో ఆడించడం ఒక వంతే. ఆడేవాళ్లకు ఆపద వస్తే ఏం చేయాలో ముందే నిర్ణయించి పెట్టుకోవడం మరో వంతు. దీన్ని ఎమర్జెన్సీ యాక్షన్ ప్లాన్ అంటారు. మనం అత్యవసర ప్రణాళిక అనుకుందాం. అమెరికాలో క్రీడాకారుల ఆరోగ్యం చూసే అథ్లెటిక్ ట్రైనర్ల జాతీయ సంఘం 2002లో దీనిపై మార్గదర్శకాలు ప్రకటించింది. ప్రణాళిక రాతపూర్వకంగా ఉండాలి, ఏ మైదానానికి ఆ మైదానానికి విడిగా ఉండాలి, ఏటా ఒకసారైనా రిహార్సల్ చేయాలి అన్నవి అందులో ముఖ్యమైన మాటలు. ఈ మూడింటికీ డబ్బు ఖర్చు లేదని గమనించండి.

"అన్ని వసతులూ ఉన్నచోట ఇవేవీ అక్కర్లేదు, మనలాంటి చోటే కష్టం" అని మీరనుకోవచ్చు. క్రికెట్ చూసేవాళ్లకు ఫిలిప్ హ్యూస్ పేరు గుర్తుండే ఉంటుంది. 2014 నవంబరు 25న సిడ్నీ క్రికెట్ గ్రౌండ్‌లో బౌన్సర్ మెడ పక్కన తగిలి పడిపోయాడు. 27న చనిపోయాడు. ప్రపంచంలోని పేరున్న మైదానాల్లో అదొకటి. అసహజ మరణాలపై అక్కడ కరోనర్ అనే అధికారి విచారణ జరుపుతారు. ఆయన 2016లో ఇచ్చిన నివేదికలో ఏముందో చూడండి. ఆంబులెన్స్‌ను పిలవాల్సింది ఏ అధికారో స్పష్టంగా లేదు. బంతి తగిలిన ఆరు నిమిషాలకు పైగా ఎవరూ ఆంబులెన్స్‌కు ఫోన్ చేయలేదు. ఫోన్ చేసిన వ్యక్తికి హ్యూస్ పరిస్థితి సరిగా తెలియదు కాబట్టి అవతలివాళ్లకు దాని తీవ్రత అర్థం కాలేదు. ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఆ దెబ్బ ఎవరూ కాపాడలేనిదని, ఆలస్యం వల్ల ఆయన చనిపోలేదని కూడా కరోనర్ రాశారు. అయినా ఆ ఆరు నిమిషాలు ఇంకొకరి విషయంలోనైతే ప్రాణం తీసేవే. అక్కడ లేకపోయింది పరికరాలు కావు, "ఈ పని నీది" అని ముందుగా చెప్పడం.

దీనికి తిరగబడిన ఉదాహరణ 2021 జూన్ 12న కోపెన్‌హాగెన్‌లో జరిగింది. యూరో ఫుట్‌బాల్ పోటీల్లో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సెన్ ఎవరూ తగలకుండానే నేలకూలాడు. గుండె ఆగిపోయింది. వైద్యులు మైదానంలోనే ఛాతీ మీద ఒత్తుతూ, డీఫిబ్రిలేటర్ అనే యంత్రంతో షాక్ ఇచ్చి గుండెను మళ్లీ కొట్టుకునేలా చేశారు. తోటి ఆటగాళ్లు చుట్టూ గోడలా నిలబడి కెమెరాలకు కనపడకుండా కాపాడారు. 2022లో ఖతార్‌లో జరిగిన ప్రపంచ కప్‌లో ఎరిక్సెన్ మళ్లీ తన దేశం తరఫున ఆడాడు.

ఇక మన సంగతి. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు వేరే ఊళ్లో డివిజన్ స్థాయి ఆటలకు వెళ్లాం. ఖోఖోలో ఒక అమ్మాయి స్తంభానికి తల కొట్టుకుని స్పృహ తప్పింది. ఒక్క నిమిషంలో వంద మంది మూగారు. ఒకరు చున్నీతో విసిరారు, ఒకరు ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెట్టారు, ఇంకొకరు ఫిట్స్ అనుకుని తాళాల గుత్తి చేతిలో పెట్టారు. నలుగురు కాళ్లూ చేతులూ పట్టుకుని నీడలోకి మోశారు. ముగ్గురు 108కి ఫోన్ చేశారు, ముగ్గురూ "గర్ల్స్ హాస్టల్" అన్నారు. ఆ ఊళ్లో గర్ల్స్ హాస్టళ్లు మూడున్నాయి. మాది ఎస్సీ హాస్టల్. బండి బీసీ హాస్టల్ గేటు ముందుకు వెళ్లి ఆగింది. అక్కడినుంచి తిరిగొచ్చేసరికి మా వైపు పెద్ద గేటుకు తాళం, తాళంచెవి ఉన్న మనిషి ముఖ్య అతిథికి టీ తేవడానికి వెళ్లాడు. ఆ అమ్మాయికి నాలుగు కుట్లు పడి రెండు రోజుల్లో తిరిగొచ్చింది కాబట్టి దాన్ని అందరూ నవ్వుతూ చెప్పుకున్నారు. అక్కడ మనసున్నవాళ్లకు కొదవ లేదు. అందరూ పరుగెత్తారు. అందరూ ఒకే పనికి పరుగెత్తారు, అంతే.

అందుకే ప్రణాళికలో మొదటి పని మనుషులను పంచడం. ఒకరు పడిపోయిన అమ్మాయి దగ్గరే ఉండి ఆమెను చూసుకోవాలి. ఆ చోట మాట ఆమెదే. మన పి.ఇ.టి. మేడమ్ ఉంటే ఆమె, లేకపోతే ప్రథమ చికిత్స నేర్చుకున్న పెద్ద తరగతి అమ్మాయి. రెండో మనిషి ఫోన్ చేయాలి. మూడో మనిషి ప్రథమ చికిత్స పెట్టె, బకెట్లు, దుప్పటి తేవాలి. నాలుగో మనిషి గేటు తీసి రోడ్డు మీద నిలబడి ఆంబులెన్స్‌కు దారి చూపాలి. మరో ఇద్దరు గుంపును వెనక్కి పంపాలి. ప్రతి పనికీ ఒక పేరు, ఆ మనిషి లేకపోతే చేసేవారి పేరు రాయాలి. ఇంట్లో పెళ్లికి సెలవు పెట్టినవాళ్లు, జ్వరంతో పడుకున్నవాళ్లు ఎప్పుడూ ఉంటారు కదా.

ఫోన్ విషయం మన హాస్టళ్లలో ప్రత్యేకం. విద్యార్థినుల దగ్గర ఫోన్లు ఉండవు. సాయంత్రం ఆటల వేళకు వార్డెన్ మేడమ్ ఆఫీసు పనిమీద పట్నంలో ఉండవచ్చు. అప్పుడు ఆవరణలో ఉండేది వంటమనిషి ఫోను, కామాటి ఫోను, వాచ్‌మన్ ఫోను. వాటిలో ఏది ఎప్పుడూ చార్జింగ్‌తో ఉంటుందో ముందే చూసుకోవాలి. 108కి బ్యాలెన్స్ అక్కర్లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైనప్పటినుంచీ ఆ సేవ ఉచితమే. ఫోన్ చేసేవారు చదవడానికి నాలుగు వాక్యాలు రాసి ఉంచాలి. మండలం, ఊరు, హాస్టల్ పూర్తి పేరు, ఎస్సీనా బీసీనా అన్నదానితో సహా. దగ్గరలో అందరికీ తెలిసిన గుర్తు, అది గుడో, చర్చో, వాటర్ ట్యాంకో. ఏ గేటు దగ్గరకు రావాలి. ఏం జరిగింది, స్పృహ ఉందా, ఊపిరి ఆడుతోందా. అవతలివాళ్లు చాలు అనేదాకా ఫోన్ పెట్టేయకూడదు. సిడ్నీలో తప్పింది ఇక్కడే కాబట్టి ఫోన్ చేసే మనిషి పడిపోయిన అమ్మాయికి కనుచూపు దూరంలో నిలబడి మాట్లాడాలి.

ఈ కాగితంలో పెద్ద అక్షరాలతో రాయవలసిన వాక్యం ఒకటుంది: 108కి ఫోన్ చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మన దగ్గర చిన్నా పెద్దా తేడాలు ఎక్కువ. కామాటి వార్డెన్‌ను అడగాలి, వార్డెన్ పైఅధికారికి చెప్పాలి, "పేపర్లో పడితే మెమో వస్తుంది" అన్న భయం ఒకటి. ఆ భయం ఊరికే వచ్చింది కాదు, అలాంటివి జరుగుతాయి. అయితే కబురు పెట్టడం వేరు, అనుమతి కోసం ఆగడం వేరు. ముందు 108, తరువాత వార్డెన్ మేడమ్, ఆ తరువాత తల్లిదండ్రులు. ఈ వరుసను మేడమ్‌ చేతే సంతకం పెట్టించి అంటిస్తే ఏ కామాటీ వెనకాడదు.

ఇప్పుడు పడిపోయిన మనిషి దగ్గర ఏం చూడాలో కొంచెం వివరంగా రాస్తాను. మన హాస్టళ్లలో అమ్మాయిలు కళ్లు తిరిగి పడటం మామూలే అనుకుంటాం. రక్తహీనత ఉంటుంది, పొద్దున టిఫిన్ మానేసి ప్రార్థనలో నిలబడతాం. అలాంటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తిపెడితే ఒకటి రెండు నిమిషాల్లో తేరుకుంటారు. పందెం పూర్తయి ఆగిన తరువాత కళ్లు తిరగడం కూడా ఎక్కువగా ఇలాంటిదే. అదే పరుగెత్తుతూ ఉండగానే, ఆట మధ్యలోనే ఒకరు ఉన్నట్టుండి కూలిపోతే దాన్ని మామూలు కళ్లు తిరగడం కింద తీసేయకూడదు. ముందు గుండె అనే అనుకోవాలి. భుజాలు తట్టి గట్టిగా పిలవండి. పలకకపోతే ఛాతీ లేస్తోందా లేదా పది సెకన్లలోపు చూడండి. ఇక్కడే చాలామంది మోసపోతారు. గుండె ఆగిన మనిషి కూడా కొద్దిసేపు ఆగి ఆగి నోరు తెరిచి ఊపిరి లాగుతుంది, మన పెద్దవాళ్లు ఎగశ్వాస అనేది ఇదే. అది ఊపిరి ఆడటం కాదు. ఒక్కోసారి కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి, అందరూ ఫిట్స్ అనుకుని తాళాలకోసం వెతుకుతారు. నిజంగా ఫిట్స్ అయినా తాళాలతో, ఉల్లిపాయతో ఆగవు. నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

పలకక, ఊపిరి సరిగా ఆడకపోతే వెంటనే సి.పి.ఆర్. మొదలుపెట్టాలి. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ నడుమ ఎముక మీద ఒక అరచేతి కింది భాగం ఆనించి, దానిమీద రెండో చెయ్యి పెట్టి, మోచేతులు వంచకుండా నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఒత్తాలి. ప్రతిసారీ అయిదారు సెంటీమీటర్లు దిగాలి, మళ్లీ పూర్తిగా పైకి రానివ్వాలి. చాలా కష్టమైన పని, రెండు నిమిషాలకే చేతులు పడిపోతాయి కాబట్టి మనిషి మారాలి. గుండె ఆగిన తరువాత ఏ సాయమూ అందకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం నూటికి ఏడు నుంచి పది వంతులు తగ్గుతుందని పుస్తకాల్లో ఉంది. ఆంబులెన్స్ ఎంత త్వరగా వచ్చినా ఆ మొదటి నిమిషాలు మనవే. షాక్ ఇచ్చే యంత్రం మన హాస్టల్లో లేదు, ఊళ్లో ఎక్కడైనా ఉందేమో ముందుగా కనుక్కుని రాసుకోవచ్చు. నేను రాసింది చదివితే సి.పి.ఆర్. రాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుగారినో, 108 సిబ్బందినో ఒక ఆదివారం పిలిపించి బొమ్మ మీద చేయించుకోవాలి. అడిగితే వస్తారు.

కబడ్డీలో మెడ మీద పడినా, ఖోఖో స్తంభానికి తల తగిలినా కదిలించకూడదు. తలను ఉన్నది ఉన్నట్టుగా రెండు చేతులతో పట్టుకుని ఒకరు కూర్చోవాలి, ఆంబులెన్స్ వచ్చేదాకా అంతే. నీడలోకి మోయాలన్న తొందరలో మెడ ఎముక కదిలితే జీవితాంతం మంచానికే పరిమితం కావచ్చు. ఎండగా ఉంటే షామియానా గుడ్డనో దుప్పటినో నలుగురు పట్టుకుని అక్కడే నీడ చేయండి. ఊపిరి ఆడకపోతే మాత్రం మెడ సంగతి పక్కనపెట్టి సి.పి.ఆర్. చేయాల్సిందే.

మన వార్షికోత్సవాలు తరచు ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తాయి కనుక వడదెబ్బ గురించి చెప్పకుండా ఉండలేను. పిక్కలు పట్టేయడం, నీరసం, దాహం అయితే నీడ, ఓ.ఆర్.ఎస్., విశ్రాంతి చాలు. ఒళ్లు కాలిపోతూ, తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది ప్రాణం మీదికి వచ్చినట్టే. చెమట పడుతోంది కదా వడదెబ్బ కాదులే అనుకోకండి, ఆటల్లో వచ్చే వడదెబ్బలో చెమట ఉండవచ్చు. 108కి ఫోన్ చేస్తూనే, బండి కోసం చూడకుండా ఒళ్లు చల్లార్చడం మొదలుపెట్టాలి. శరీరాన్ని మెడ దాకా చల్లటి నీళ్లలో ముంచడం అన్నిటికంటే మంచి పద్ధతి. అరగంటలోపు వేడి దిగితే మనిషి దక్కుతుంది. 2018 మే 29న అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో సాధన చేస్తుండగా 19 ఏళ్ల ఫుట్‌బాల్ ఆటగాడు జోర్డన్ మెక్‌నెయిర్‌కు ఇలాగే జరిగింది. చల్లటి నీళ్లలో ముంచలేదు, ఆంబులెన్స్‌కు ఫోన్ చేయడానికి గంటకు పైగా పట్టింది. జూన్ 13న చనిపోయాడు. తప్పు తమదేనని విశ్వవిద్యాలయమే తరువాత ఒప్పుకుంది. కోట్ల డాలర్ల మైదానం ఉన్నచోట చేయనిది మనం చేయగలం. మన హాస్టల్ వెనక స్నానాలకు సిమెంటు తొట్టి ఉంది కదా. ఆటల రోజు ఆ తొట్టి నిండుగా ఉండాలి. బట్టలు ఉతకడానికి వాడకూడదు. ముంచినప్పుడు తల పైకి ఉండేలా ఇద్దరు చంకల కింద పట్టుకోవాలి. తొట్టి దూరమైతే బకెట్లతో ఆపకుండా నీళ్లు పోస్తూ, తడి చున్నీలు కప్పి మార్చుతూ విసరాలి.

కానిస్టేబుల్ ఉద్యోగాలకు పరుగు సాధన చేస్తున్న అక్కలు ఈ పేరాను రెండుసార్లు చదవాలని నా మనవి. 2024 ఆగస్టులో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ ఎంపికకు పెట్టిన 10 కిలోమీటర్ల పరుగులో, ఆ తరువాత ఆసుపత్రుల్లో పదిమందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. ప్రభుత్వం కొన్నాళ్లు పరుగులు ఆపేసింది. ఉద్యోగం మీద ఆశతో ఒంట్లో బాగోలేకపోయినా దాచుకుని పరుగెత్తేది మనలాంటి ఇళ్ల పిల్లలే. ఒంటరిగా తెల్లవారుజామున రోడ్డు మీద పరుగెత్తకండి, ఫోనున్న ఒక మనిషిని తోడు పెట్టుకోండి.

దాచుకోవడం అన్నాను కదా. ఆయాసం, ఫిట్స్, గుండె జబ్బు, గిరిజన ప్రాంతాల చెల్లెళ్లలో కనిపించే సికిల్ సెల్, ఇవి ఎవరికి ఉన్నాయో ముందే తెలియాలి. ఇంటికి పంపేస్తారేమోనని, రేపు సంబంధాలకు అడ్డమని చాలామంది చెప్పరు. కాబట్టి ఆ జాబితా నోటీసు బోర్డు మీద కాకుండా వార్డెన్ మేడమ్ బీరువాలో ఉండాలి, ఆటల రోజు పి.ఇ.టి. మేడమ్‌కు మాత్రం తెలియాలి. తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు కూడా అంతే ముఖ్యం. చేరినప్పుడు దరఖాస్తులో రాసిన నంబరు మిరప కోతలకో ఇటుక బట్టీలకో వలస వెళ్లాక పనిచేయదు. ఆటలకు వారం ముందు ఒక్కో నంబరుకూ ఫోన్ చేసి చూడాలి. ఊళ్లో ఉండే మేనమామదో పక్కింటివాళ్లదో రెండో నంబరు రాసుకోవాలి.

వాలంటీర్లుగా పనిచేసే పిల్లల గురించి కూడా ఒక మాట. 2019 అక్టోబరులో కేరళలోని పాలా పట్టణంలో రాష్ట్ర జూనియర్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. జావెలిన్, హ్యామర్ రెండూ పక్కపక్కనే ఒకేసారి పెట్టారు. జావెలిన్లు ఏరడానికి వెళ్లిన ఒక విద్యార్థి తలకు హ్యామర్ తగిలింది. రెండు వారాలకు పైగా ఆసుపత్రిలో ఉండి చనిపోయాడు. మన దగ్గర షాట్‌పుట్, డిస్కస్ ఉంటాయి. అవి జరిగేటప్పుడు ఆ పక్క ఇంకో పోటీ పెట్టకూడదని, ఈల వినపడేదాకా ఎవరూ గీత దాటకూడదని ప్రణాళికలోనే రాయాలి.

కాగితం రాసి ఊరుకుంటే అది ఊడిపోయేదాకా గోడకు వేలాడుతుంది. ఒక సాయంత్రం చెప్పాపెట్టకుండా ఈల ఊది, ఒక అమ్మాయిని మైదానం చివర పడుకోబెట్టి, గడియారం చూస్తూ రిహార్సల్ చేయండి. గేటు తెరవడానికి ఎంతసేపు పట్టింది, ఆంబులెన్స్ లోపలికి పడుతుందా, లేక షామియానా గుంజలు అడ్డమా, స్ట్రెచర్ వచ్చే దారిలో కుర్చీలు వేశారా, ఇవన్నీ అప్పుడే తెలుస్తాయి. ఆటల రోజు గేటుకు తాళం వేయకుండా గొళ్లెం పెట్టి ఒక మనిషిని కూర్చోబెడితే చాలు. చీకటి పడ్డాక తాళం తప్పనిసరి కాబట్టి రెండో తాళంచెవి వంటగదిలో మేకుకు తగిలించాలి. మగవాళ్లను లోపలికి రానివ్వకూడదన్న నియమం ఆంబులెన్స్ సిబ్బందికి వర్తించదని వాచ్‌మన్‌కు ముందే చెప్పి ఉంచాలి.

కాగితాన్ని మూడు చోట్ల అంటించండి: గేటు దగ్గర, వంటగది తలుపుకు, ఆటల సామాను పెట్టె మూత లోపల. పక్క ఊరికి పోటీలకు వెళ్తే అక్కడి మైదానానికి వేరే కాగితం రాసుకోవాలి. కనీసం ఆ హాస్టల్ పేరు, గేటు, దగ్గరి ఆసుపత్రి బస్సు దిగగానే అడిగి తెలుసుకోవాలి. ఏప్రిల్‌లో పదో తరగతి అమ్మాయిలు వెళ్లిపోతారు, వాళ్ల పేర్లు కాగితం మీద మిగిలిపోతాయి. జూన్‌లో హాస్టల్ తెరిచిన మొదటి వారంలోనే ఆ పేర్లు కొట్టేసి కొత్తవి రాయించండి.